జగన్నాధం జాజ్ పార్టీ

మా చెల్లెలు హైమ ఆ వేసవిలో కెమెరా పట్టుకుని కోటబొమ్మాళి వెళ్ళకుండా ఉంటే మా ఇల్లు ఇలా రెండు ముక్కలయ్యేది కాదని మా నాన్న ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తారు. ఇల్లు అంతకు ముప్పై ఏళ్ళ ముందే విరిగింది. అమ్మకీ నాకూ ఆ సంగతి తెలుసు. తెలిసే, అందులో కూర్చుని మూడు పూటలా భోంచేశాం.

గజపతినగరంలో మాది పప్పులు, నూనెల హోల్‌సేల్ కొట్టు. నాన్న పేరు భీమశంకరరావు. మగపిల్లలు లేరని నా భర్త విజయ్‌కుమార్‌ని ఇల్లరికం తెచ్చుకున్నారు. హైమ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. దానికీ అలాగే ఒకణ్ణి చూస్తుంటే, అది కెమెరా చదువు చదువుతానని హైదరాబాదు వెళ్ళింది. అక్కణ్ణుంచి కలకత్తా. అక్కడ హోటళ్ళలో జాజ్ వాయించి ముసలివాడైపోయిన ఒక ట్రంపెట్ విద్వాంసుడి వెంట నాలుగేళ్ళు తిరిగి తన మొదటి డాక్యుమెంటరీ తీసింది. తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒక డ్రమ్మర్ మీద, ఆ తర్వాత గోవాలో పియానో వాయించే ఒక పెద్దావిడ మీద. పదిహేనేళ్ళలో మూడు సినిమాలు. పై దేశాల్లో చూపించారు, బహుమతులు వచ్చాయి. మా వైపు జాజ్ అంటే ఆర్కెస్ట్రావాళ్ళ డ్రమ్ముల సెట్టు. "మా చిన్నది డ్రమ్ములోళ్ళ ఎనకాల తిరుగుతోంది" అని నాన్న కొట్టులో బేరానికి వచ్చినవాళ్ళతో అనేవారు. నేను పక్కనే ఉండి నవ్వేదాన్ని.

కలకత్తా ట్రంపెట్ ఆయన చనిపోయే ముందు హైమకి ఒక మాట చెప్పాడట. డెబ్భైల్లో తన పక్కన నిలబడి శాక్సాఫోన్ వాయించిన తెలుగు కుర్రాడు ఒకడుండేవాడని, తమ అందరిలోకీ అసలు చెవి ఉన్నది అతనికేనని, హోటళ్ళు బ్యాండ్లు తీసేశాక ఊరెళ్ళిపోయాడని. ఆ మాట పట్టుకుని హైమ చాలా ఏళ్ళు వెతికింది. చివరికి కోటబొమ్మాళి స్టేషన్ వెనక రెండు గదుల ఇంట్లో దొరికాడు. పేరు జగన్నాధం, డెబ్భై ఆరేళ్ళు. కలకత్తా నుంచి వచ్చాక పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండు పెట్టుకుని దానికి 'జగన్నాధం జాజ్ పార్టీ' అని పేరు రాయించాడు. డ్రమ్ములు బాగుంటాయి కాబోలు అనుకుని జనం పిలిచేవారు. ఆయన ఎవరికీ విడమరిచి చెప్పలేదు.

ఏప్రిల్లో హైమ కోటబొమ్మాళిలో గది తీసుకుంది. ఆదివారాలు మా ఇంటికి వచ్చేది. అంత సంతోషంగా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన భార్య అసిరమ్మ వంట గురించి, ఆయన పొద్దున్నే శాక్సాఫోన్ మీటలకి నూనె పెట్టే తీరు గురించి, పెళ్ళి పాటలో మధ్యన ఎవరికీ తెలియకుండా కలకత్తా జాజ్ మెలికలు నాలుగు దూర్చడం గురించి చెప్పేది. మూడో వారంలో ఆయన దాన్ని, విజయనగరం అంటున్నావు, విజయనగరంలో ఎక్కడ అని అడిగాడట. గజపతినగరమని, ఫలానా కొట్టువారి అమ్మాయినని చెప్పింది. ఆయన శాక్సాఫోన్ పీకని నోట్లోంచి తీసి, వాయిద్యాన్ని పెట్టెలో పెట్టి, ఈ రోజుకి చాలు, రేపు రా అన్నాడట.

ఆ వారం హైమ గురువారమే వచ్చేసింది. మధ్యాహ్నం, నాన్న పడుకున్న వేళ. నన్ను కొట్టు వెనక గదిలోకి పిలిచి, కందిపప్పు బస్తాల మీద లాప్‌టాప్ పెట్టి, ఏమీ చెప్పకుండా నొక్కింది. తెల్లచొక్కా వేసుకున్న ముసలాయన కుర్చీలో కూర్చుని నేరుగా మా వంక చూస్తున్నాడు.

"తొంబై అయిదులో గజపతినగరంలో పెళ్ళి. పదకొండు మందిమి ఎల్లినాం. ఊరేగింపు అయిపోనాది, బోజనాలకి పిలుత్తారని గొడౌన్ కాడ కూకున్నాం. పెళ్ళికూతురి గొలుసు పోనాదన్నారు. పెళ్ళికూతురి దరిదాపులకి మమ్మల్ని ఎవులు రానిత్తారు? అయినా మమ్మల్నే గొడౌన్ నోపలికి తోలి, ఒంటి మీద గుడ్డలిప్పించి ఎతికినారు. మా తమ్ముడు అసిరయ్యది క్లారినెట్టు. ఆడికి కోపం జాస్తి. గుమ్మం కాడ కూకుని, నాను కదలను, ఏ తప్పూ సెయ్యనేదు అన్నాడు. సావుకారు షట్టరు దించినాడు. తమ్ముడి సెయ్యి గుమ్మం మీదున్నాది."

ఆయన తన కుడి చేతి వేళ్ళు ఒకసారి చూసుకున్నాడు.

"సూసి దించినాడా, సూడక దించినాడా అని నన్నడగొద్దు. సూడక దించినోడు అరుపు ఇన్నాక ఎత్తుతాడు. అది మళ్ళీ ఎత్తడానికి శానాసేపు పట్టినాది. సేతి ఏళ్ళు మూడు నుజ్జయిపోనాయి. మరి క్లారినెట్టు పట్టనేదు ఆడు."

హైమ దాన్ని ఆపింది. నా చెయ్యి అప్పటికే మెడ మీదికి పోయింది. ముప్పై ఏళ్ళుగా స్నానానికి కూడా తీయని గొలుసు.

"అక్కా, అది దొరికింది కదా," అంది.

దొరికింది. పెళ్ళయిన మూడో రోజు వ్రతానికి పెళ్ళిచీర మళ్ళీ కట్టుకోమని అమ్మ ట్రంకుపెట్టె తెరిస్తే, చీర మడతలో, కొక్కెం జరీకి పట్టుకుని వేలాడుతూ కనిపించింది. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. నాయనమ్మ దిష్టి తీసి నా మెడలో వేసింది. ఆ రోజు బూరెలు వండారు. బ్యాండువాళ్ళని సోదా చేశారని నాకు తెలుసు. ఒకడికి చెయ్యి నలిగిందట అని కూడా విన్నాను. ఎలా నలిగిందని అడగలేదు. నాకు ఇరవై ఏళ్ళు, కొత్త పెళ్ళికూతుర్ని. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకు అదే.

"నేను బూరెలు తిన్నాను. బాగా గుర్తుంది," అంది హైమ. "వాళ్ళకి ఈరోజుకీ దొరికిందని తెలీదక్కా. ఎవరూ చెప్పలేదు."

నేను గొలుసు తీసి బస్తా మీద పెట్టాను. దాన్ని మళ్ళీ వేసుకోలేదు.

ఆ సాయంత్రం నాన్న ఫలహారానికి కూర్చున్నప్పుడు హైమ అడిగింది. గట్టిగా ఏమీ అడగలేదు, వాళ్ళ సినిమావాళ్ళు అడిగినట్టు మెల్లగానే అడిగింది. నాన్న అట్టు ముక్క తుంచుతూనే ఉన్నారు.

"షట్టరు కింద సెయ్యెట్టమని ఎవడు సెప్పాడు?" అన్నారు.

"సరే. గొలుసు దొరికాక ఎందుకు కబురు పెట్టలేదు?"

"దొరికిందని సెప్తే, అనవసరంగా అనుమానపడ్డామని మన నోటితో మనమే సెప్పుకున్నట్టు కదా. పది మందిలో పరువున్నోడు ఎవడన్నా ఆ పని సేస్తాడా? కొట్టు నడిసేది నమ్మకం మీద."

వాళ్ళ నమ్మకం మాటేమిటని అడిగింది హైమ. బ్యాండోళ్ళకి నమ్మకం ఏటి, ఈ పెళ్ళి కాకపోతే ఇంకో పెళ్ళి అన్నారు నాన్న. ఇదంతా సినిమాలో పెడితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దన్నారు. సినిమా సంగతి తర్వాత, ముందు వాళ్ళకి చెప్పాలి అంది హైమ. నా భర్త మధ్యలోకి వచ్చి, ముప్పై ఏళ్ళయిపోయింది, ఇప్పుడు తవ్వుకుంటే ఎవరికి లాభం అన్నాడు. లాభం అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మీ చెయ్యి షట్టరు కింద పెట్టి అప్పుడు మాట్లాడండి అన్నాను. పెళ్ళయ్యాక ఆయన్ని అలా అనడం అదే మొదలు. అమ్మ చట్నీ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. గిన్నె కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నేనూ హైమతో బయల్దేరాను. విజయనగరంలో బండి మారి కోటబొమ్మాళి చేరేసరికి ఎండ నడినెత్తి మీద ఉంది. జగన్నాధం అరుగు మీద కూర్చుని శాక్సాఫోన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. అసిరమ్మ మాకు మంచినీళ్ళిచ్చింది. నేనెవరో చెప్పగానే చెంబు నా చేతిలోనే వదిలేసి దూరంగా జరిగింది. హైమ కెమెరా నిలబెట్టింది. ఇప్పుడు కూడానా అని నాకు దాని మీద కోపం వచ్చింది.

"మాస్టారూ, ఆ గొలుసు దొరికింది," అంది హైమ.

"ఎప్పుడు?"

"పెళ్ళయిన మూడో రోజు. మా ఇంట్లోనే, అక్క చీర మడతలో ఉంది. నాకూ గుర్తుంది, అప్పుడు పదకొండేళ్ళదాన్ని."

ఆయన గుడ్డ ఆగలేదు. ఒకే మీటని అలా తుడుస్తూనే ఉన్నాడు. అసిరమ్మ గుమ్మంలో చతికిలబడింది.

"నాను కూడా అడిగినాను," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. అసిరమ్మ చెప్పింది. ఆ పెళ్ళి తర్వాత ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. వాళ్ళ పార్టీ వాళ్ళది చేతివాటమని ఇటు టెక్కలి దాకా పాకింది. పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. పార్టీలో మిగతావాళ్ళు రోజూ వచ్చి, నీ తమ్ముడే తీశాడేమో అడుగు, అందుకే అంత ఎగిరాడు అనేవారట. ఒకరోజు జగన్నాధం తమ్ముణ్ణి కూర్చోబెట్టి, చేతికి కట్టు ఉండగానే, దేవుడి పటం మీద ఒట్టు వెయ్యమన్నాడు. అసిరయ్య ఒట్టు వెయ్యలేదు. ఆ రోజే బట్టల మూట కట్టుకుని నౌపడ వెళ్ళి ఉప్పు మడుల్లో కూలికి చేరాడు. మూడు స్టేషన్ల దూరం కూడా లేదు. ముప్పై ఏళ్ళలో అన్నదమ్ములు మళ్ళీ మాట్లాడుకోలేదు.

"అది ఆపు," అన్నాడు జగన్నాధం కెమెరా వంక చూడకుండా. హైమ ఆపింది. "నీకు అప్పుడు పదకొండేళ్ళు. దొరికిన సంగతి గేపకం ఉన్నాదంటన్నావు. వాయించేవోళ్ళ కట్టసుకాలు సూడాలని కలకత్తా ఎల్లినావు, గోవా ఎల్లినావు. పదిహేనేళ్ళు దేశమంతా ఎతికినావు. మీ ఇంటి గొడౌన్ నోపలికి ఒక్కపాలి సూడనేదా తల్లీ?"

హైమ కెమెరా స్టాండు మడిచి, అంతా సంచిలో పెట్టుకుని, జిప్పు వెయ్యకుండానే లేచింది. నేనే జిప్పు లాగాను.

వస్తుంటే ఆయన వెనకనుంచి అన్నాడు. "నాకు సెప్పీసినారు, అయిపోనాది అనుకోకండి. ఆడికి సెప్పాల. అదీ మీరు కాదు. మీ నాయిన."

నాన్న రానన్నారు. ఆ తర్వాత మూడు రోజులూ ఇంట్లో ఎవరి కంచం వాళ్ళే తీసుకెళ్ళి తిన్నాం. ఒకసారి మాత్రం హైమ కొట్టులోకి వెళ్ళి, కెమెరా తెచ్చి ఈ షట్టరు ముందే పెడతాను, మీరు దించిన చోటే నిలబడి చెప్పండి అని అరిచింది. పెడితే పగలగొడతానన్నారు నాన్న. తూకం రాయి తీసి బల్ల మీద పెట్టారు కూడా. జీవితమంతా ఇతరుల దుఃఖం దగ్గర గొంతు తగ్గించి మాట్లాడిన మనిషి, ఆ రోజు తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఆపలేదు. అది ఇంకా తిడితే బాగుండుననిపించింది.

నాలుగో రోజు పొద్దున్న అమ్మ తలంటుకుని, నేత చీర కట్టుకుని, చేతిసంచితో హాల్లోకి వచ్చింది. మా అమ్మ పద్మకుమారికి డెబ్భై రెండేళ్ళు. నాన్న లేకుండా రైలెక్కిన మనిషి కాదు.

"పదండే, పోదాం," అంది మాతో.

నాన్న పేపరు దించారు. ఎక్కడికని అడగలేదు. గుమ్మం దాటితే మళ్ళీ రానక్కర్లేదన్నారు.

"పెట్టె తెరిసింది నేను. గొలుసు సూసింది నేను. నోరు మూసుకో అని మీరన్నారు, మూసుకున్నాను. మీ మాట ముప్పై ఏళ్ళు విన్నాను, సాల్దా?" అంది అమ్మ. అంతే. చెప్పులు వేసుకుంది.

కోటబొమ్మాళిలో జగన్నాధం, హైమ ముందే ఫోన్ చెయ్యడంతో, మా రైలు పెట్టెలోకే ఎక్కాడు. చేతిలో ఏమీ లేదు. దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నౌపడలో దిగి ఆటోలో ఉప్పు మడుల దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి గట్ల మీద నడిచాం. కళ్ళు తెరవలేనంత తెలుపు. మడుల్లో ఆడామగా వరసలు కట్టి ఉప్పు లాగుతున్నారు. అసిరయ్య ఎవరో ఎవరూ చూపించక్కర్లేకపోయింది. అందరూ రెండు చేతులతో చెక్కపార లాగుతుంటే ఒకాయన మాత్రం కర్రని చంకలో ఇరికించుకుని, ఎడమ చేత్తో లాగుతున్నాడు. అన్నని చూసి ఆగాడు.

హైమ సంచి భుజాన్నే ఉంది. దాని జిప్పు అది ముట్టుకోలేదు.

అమ్మ చెప్పులు గట్టు మీద విప్పి మడిలోకి దిగింది. ఉప్పునీరు పాదాలు కోస్తుందని నేను అనబోతే చెయ్యి ఊపింది. ఆయన ముందు నిలబడి చెప్పింది. గజపతినగరం పెళ్ళిలో పోయిందన్న గొలుసు పోలేదని, మూడో రోజున తన చేతికే దొరికిందని, తెలిసీ ఎవరికీ చెప్పలేదని, తప్పు తమదని.

అసిరయ్య విన్నాడు. ముఖం మారలేదు.

"మల్లీ సెప్పమ్మా," అన్నాడు. "గట్టిగా సెప్పు. ఆలకి ఇనపడాల."

అమ్మ మళ్ళీ చెప్పింది. పక్క మడిలో వాళ్ళు పారలు ఆపారు. ఆయన కర్రతో అవతలి మడి చూపించాడు. అమ్మ గట్టెక్కి, అటు దిగి, అక్కడ కూడా చెప్పింది. తర్వాత ఇంకో మడి. నేను మడిలోకి దిగి పట్టుకోబోతే జగన్నాధం, ఉండనీ అన్నాడు. అయిదు మడులు. ఎండలో, ఆ వయసులో, ఒక్కో మడిలో నిలబడి ఆ నాలుగు వాక్యాలూ చెప్పింది మా అమ్మ. చివరి మడి దగ్గర గొంతు పోయింది. ఆ కూలీల్లో ఒకామె, మాకేటి తెల్దు, దొంగ అని మాకెవులూ సెప్పనేదమ్మా అంది. ఆయన వాళ్ళతో కూడా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదన్న మాట. ఎవరూ అనకపోయినా ముప్పై ఏళ్ళూ తనతోనే మోసుకు తిరిగాడు.

జగన్నాధం తమ్ముడి దగ్గరికి నడిచాడు. ఒరే అసిరీ అని మాత్రం అనగలిగాడు.

అసిరయ్య అన్న ముఖంలోకి చూశాడు. "నాను తియ్యనేదని ఆ రోజు సెప్పినాను. నా మాట ఇన్నావు కాదు," అన్నాడు. "ఇయ్యాల సావుకారమ్మ వొచ్చి సెప్తే ఇన్నావు."

కర్ర చంకలో ఇరికించుకుని మళ్ళీ ఉప్పు లాగడం మొదలెట్టాడు. వచ్చేటప్పుడు జగన్నాధం మాతో రాలేదు. గట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత ఏమైందో నాకు పూర్తిగా తెలీదు. వారానికోసారి నౌపడ వెళ్తాడని, తమ్ముడు వద్దని అనడనీ, మాట్లాడడనీ అసిరమ్మ హైమతో చెప్పిందట.

సినిమా ఈ సంక్రాంతికి ముందు పూర్తయింది. కొనడానికి వచ్చిన ఛానెల్‌వాళ్ళు ఉప్పు మడుల రోజు గురించి విని, ఆ అన్నదమ్ముల్నీ అమ్మనీ మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళి తీద్దామన్నారు. హైమ వాళ్ళని గదిలోంచి బయటికి నడవమంది. ఒప్పందం పోయింది. సినిమాలో ఆ రోజు లేదు. జగన్నాధం చెప్పిన గొడౌన్ సంగతి ఉంది, "నాను కూడా అడిగినాను" అన్న మాట ఉంది. దాని వెనకే హైమ తన గొంతుతో, ఆ ఇల్లు నాదే, గొలుసు దొరికిందని నాకు తెలుసు అని చెప్తుంది. ఇంతకు ముందు మూడు సినిమాల్లో దాని గొంతు ఎక్కడా వినిపించదు. అమ్మ ఇప్పుడు విజయనగరంలో హైమ తీసుకున్న ఇంట్లో ఉంటోంది.

నౌపడ నుంచి వచ్చిన ఆ సాయంత్రం గురించి చెప్పాలి. అమ్మా హైమా విజయనగరంలోనే ఉండిపోయారు. నేను ఒక్కదాన్నే గజపతినగరం వచ్చాను. చీర కుచ్చిళ్ళ దాకా ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉంది. నాన్న కొట్టులో గద్దె మీద కూర్చున్నారు. నా భర్త నూనె డబ్బాలు లెక్కపెడుతున్నాడు. అయిదారుగురు బేరానికి నిలబడి ఉన్నారు. పక్క ఊరి నుంచి సరుకులకి వచ్చే కూర్మమ్మ నా కాళ్ళ వంక చూసి, ఎక్కడికెళ్ళినావమ్మా, ఈ తెలుపేటి అని అడిగింది.

నాన్న నా వంక చూశారు. లోపలికి పొమ్మని కళ్ళతోనే చెప్పారు. యాభై ఏళ్ళుగా ఆ చూపుకి నేను లోపలికి పోతూనే ఉన్నాను.

"నౌపడ ఎల్లాను కూర్మమ్మా," అన్నాను. గొంతు నాదిలా లేదు. రోడ్డు దాకా వినపడేలా ఉంది. "నా పెళ్ళిలో గొలుసు దొంగతనం అయిందన్నారు, గుర్తుందా? బ్యాండోళ్ళు తీశారన్నారు."

గుర్తుందంది. ఊరందరికీ తెలుసు కదా అంది.

"ఎవరూ తియ్యలేదు. మూడో రోజున మా ఇంట్లోనే దొరికింది."

నాన్న గద్దె దిగి వెనక గదిలోకి వెళ్ళిపోయారు. నా భర్త డబ్బాలు లెక్కపెట్టడం ఆపి, శైలజా, చాలు అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ఆగారు. నేను గుమ్మం దగ్గరికి జరిగి, వాళ్ళకి కూడా మొదటినుంచీ చెప్పి, షట్టరు సంగతి ఎత్తుకున్నాను.